గోరు దిగితే కూరకు, దిగకుంటే పొయ్యికి

పూలహారం ఇంకా మా సందులోని మునెమ్మక్క చేతిలోనే ఉంది. ఎక్కడ దాచాలో తెలియక ముందు వీపు వెనక్కి పెట్టుకుంది, తర్వాత పక్కనున్న వాళ్లాయన చేతిలో పెట్టబోయింది. ఆయన చటుక్కున వెనక్కి జరిగాడు. వెనకాల నిలబడిన ఆడవాళ్లలో ఒకామె దారిలోనే ఏడుపు మొదలుపెట్టేసింది. మొదలుపెట్టిన ఏడుపును నడిమధ్యలో ఆపడం అంత సులభం కాదు కాబట్టి దాన్ని దగ్గుగా మార్చుకోవాలని తంటాలు పడుతోంది. ఎవరు పోయారని ఆ హారం తెచ్చారో ఆ మనిషే తలుపు తీసి, నోట్లో వేపపుల్లతో గడపలో నిలబడి ఉంది మరి. మా అవ్వ, నాయనను కన్నతల్లి.

"ఎవురికి మే ఆ పూలు?" అంది అవ్వ, పుల్ల తీయకుండానే.

"అది... దేవునికవ్వా."

"దేవుడు మా ఇంట్ల ఎప్పుడు పోయినాడు?"

మునెమ్మక్క ఇంక దాచలేకపోయింది. "నిన్న మీ ఇంట్ల అణబె ఉడికిన వాసన వచ్చె. తెల్లారి చూస్తే వాకిట్ల ముగ్గు లేదు. మేమేమనుకోవాలప్పా?"

"ఉండాను మే, బాగనే ఉండాను," అని అవ్వ పెరటి వైపు చెయ్యి చూపించింది. "పోయేది నాకు కాదు. ఆడ ఇద్దరు మగోళ్లకు పోతాంది."

ఇన్నేళ్ల తర్వాత ఇదంతా గుర్తొచ్చి, ఉల్లిపాయలు తరుగుతూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను. కారణం ఒక అట్టపెట్టె. నేను మడివాళలో ఒక పీజీలో అమ్మాయిలకు వంట చేస్తాను. కింద వంటిల్లు, దాని పక్కనే నేనూ మా ఆయనా ఉండే గది. పోయిన వారం నాయన కె.ఆర్.పురం నుంచి బస్సెక్కి మా ఇంటికి వచ్చాడు. కూతురి ఇంటికి వచ్చేటప్పుడు ఏ జామకాయలో తెచ్చే మనిషి, ఈసారి చంకలో ఆ పెట్టె పెట్టుకొచ్చాడు. నల్లటి పెట్టె, దాని మీద బంగారు రంగు అక్షరాలు. మధ్యలో ఒక బొమ్మ, వార్నిష్ కొట్టిన పీటలా ఎర్రగా మెరుస్తున్న మాను అణబె, చెట్టు మొద్దుకు మొలిచే పుట్టగొడుగు. కాఫీపొడి పెట్టె మీద కాఫీగింజ కదా ఉండాలి, ఇదేంటని చూస్తే, కాఫీలో దాన్నే పొడి కొట్టి కలిపారట. "మీ మామ ఇచ్చినాడు పాపా. షుగరుకు దీన్ని మించింది లేదంట. రేప్పొద్దున్నుంచి మాత్రలు నిలిపేస్తాను," అన్నాడు నాయన, పండగ కబురు చెప్పినంత సంతోషంగా. మామ అనే మాట వినగానే నా కళ్లు నాయన ఎడమకాలి మీదికి పోయాయి. ఆ కాలికి చిటికెన వేలు లేదు.

కాలి వేలికీ కాఫీకీ మధ్య ఉన్న కథ చెప్పాలంటే మా పిండిమిషన్ నుంచి మొదలుపెట్టాలి. కె.ఆర్.పురంలో రైల్వేస్టేషన్‌కు పోయే సందులో ముందర మిషన్, వెనక ఇల్లు. నాయన తల ఎప్పుడూ తెల్లగానే ఉండేది. వెంట్రుకలు నిజంగా నెరిసినప్పుడు ఇంట్లో ఎవరికీ తెలియనే లేదు. పొద్దున రాగులు, మధ్యాహ్నం గోధుమలు, సాయంత్రం మిరపకాయలు. ఇంట్లోకి ఏ వాసన వస్తోందో చూసి గంట ఎంతయిందో చెప్పేసేవాళ్లం. మిరపకాయలు ఆడేటప్పుడు ఇల్లంతా తుమ్ములే. దేవుడికి దండం పెట్టుకుంటున్నా తుమ్మే, తిట్టుకుంటున్నా తుమ్మే, అందుకని ఆ వేళకు మా ఇంట్లో కొట్లాటలు కూడా ఎక్కువసేపు సాగేవి కావు. నాయన పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, అది ఎవరింటి రాగో చెప్పగలిగేవాడు. తన ఒంట్లో చక్కెర ఎంతుందో మాత్రం ఆ వేళ్లకు తెలిసేది కాదు.

ఇంట్లో తిండికి ఒక వరస ఉండేది. మొదటి దోసె నాయనకు. మొదటి కాఫీ నాయనకు, మామ వచ్చి ఉంటే మామకు. మామిడికాయల కాలం వస్తే మొదటి పండు మగవాళ్లకు, టెంకలు మాకు. కోడి కోస్తే తొడలు ఎటు పోయేవో చెప్పక్కర్లేదు, అమ్మకూ నాకూ మెడ, రెక్క, సారు నీళ్లు. విధవరాలని అవ్వకు అన్నిటికంటే చివర, గిన్నెలు కడిగే ముందు. ఇదంతా పద్ధతి, పెద్దలు పెట్టింది, ఎవరూ నోరెత్తేవాళ్లు కారు. ఒక్క కూరకు మాత్రం వరస తిరగబడేది. ఆ రోజు పీట వేసి, ఆకు పరిచి, మొదటి ముద్ద అవ్వకు పెట్టేవాళ్లు. "ఇంటికి పెద్దది, ఆమె తిన్నాకే మనం," అని నాయన ఎంతో మర్యాదగా అనేవాడు. ఆ కూర అణబె కూర.

పుట్టగొడుగును మేం అణబె అంటాం. కన్నడం మాట, మా నాలుకలకు అతుక్కుపోయింది. అయితే ఇది నేలలో మొలిచేది కాదు. ఇంటి వెనక రైలుకట్ట పక్కన ఎండిపోయిన నిద్రగన్నేరు మొద్దు ఒకటి ఉండేది. మంచి వాన పడి ఎండ కాసిందంటే ఆ మొద్దుకు చెవులు మొలిచేవి. కాడ ఉండదు, గొడుగూ ఉండదు, బెరడుకు అంటుకొని ఒకదాని మీద ఒకటి అరల్లా వస్తాయి. పసుపు పచ్చగా, అంచులు నారింజ రంగులో, తాకితే మెత్తగా ఉండేవి ఒక రకం. అదే మొద్దుకు అడుగున ఎర్రగా, నున్నగా, చెక్కలా ఉండేవి ఇంకో రకం. అవ్వ కొడవలి పట్టుకొని పోయి, ముందు గోరు గుచ్చి చూసేది. "గోరు దిగితే కూరకు, దిగకుంటే పొయ్యికి," ఇంతే ఆమె శాస్త్రం. అది ఆ మొద్దుకు మాత్రమే పనికొచ్చే శాస్త్రమని కూడా ఆమే చెప్పేది. వేరే చెట్టుది ఎవరైనా తెచ్చిస్తే, గోరు దిగినా దిగకపోయినా ముట్టేది కాదు. "ఆ చెట్టు నాకు తెలీదప్పా, సుమ్నే తీసుకపో," అని పంపేసేది. పసుపు రకంలో కూడా లేత అంచులే కోసేది. గట్టిరకాన్ని పొయ్యిలో రాజేసి పెడితే నెమ్మదిగా కాలుతూ దోమలకు పొగ వేసేది.

వండడం కూడా తొందరపడితే అయ్యే పని కాదు. పసుపు నీళ్లలో కడిగి, ఉప్పేసి బాగా ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోసేది. తర్వాత కోడి సారుకు వేసినట్టే కొబ్బరి, ధనియాలు, చెక్క, లవంగాలు రోట్లో నూరి ఇంకోసారి ఉడికించేది. పీచుపీచుగా, అచ్చం కోడిమాంసంలా విడిపోయేది. రాగిముద్దకు అంతకంటే మంచి తోడు నేనింకా చూడలేదు. "ఇది తింటే ఏం మంచిదవ్వా?" అని అడిగితే, "కోడికి మంచిది. ఆ పూటకు బతికిపోతాది," అనేది. అవ్వ దృష్టిలో దాని ఆరోగ్య గుణం అదొక్కటే.

వండిన సాయంత్రం అవ్వ ఒక్కతే తినేది. మిగతా కూర మూతపెట్టి పక్కన ఉంచేవాళ్లు. మరుసటి రోజు పొద్దున అవ్వ లేచి, వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, నాలుగు చుక్కలు పెట్టి చుట్టూ ఒకటే గీతతో ముగ్గు వేసిందంటే, కూర మంచిదని అర్థం. అప్పుడు మేం తినేవాళ్లం. సందులోవాళ్లు కూడా ఆ నాలుగు చుక్కల ముగ్గు చూసి గిన్నెలు పట్టుకొని వచ్చేవాళ్లు. విధవ ముగ్గు వేయకూడదని మిగతా రోజుల్లో చెవులు కొరుక్కునే అమ్మలక్కలే ఆ రోజు గిన్నెలో ఇంకో గరిటె వేయమనేవాళ్లు. చిన్నప్పుడు నాకు ఇందులో గౌరవమే కనిపించేది. కాస్త బుద్ధి వచ్చాక అడిగాను, "అన్నీ మగోళ్లకు ముందు పెడతారు, ఇది మాత్రం నీకెందుకు ముందవ్వా?" అని. అవ్వ నా నెత్తిన ఒకటి మొట్టి, "ఇన్నాళ్లకు అడిగినావా? నీకన్నా పిల్లి నయం, వాసన చూసి అడుగుతాది," అంది. అంతకుమించి చెప్పలేదు.

ఇలా ఉండగా తిమ్మప్ప మామ వైద్యుడయ్యాడు. మామ అంటే మా మేనత్త మొగుడు. ఏదో ఫ్యాక్టరీలో క్యాంటీన్ సూపర్‌వైజరు, పెద్ద గిన్నెల్లో ఉప్మా కలియబెట్టించడమే ఆయన చదివిన వైద్యం. ఒకరోజు బజ్జీలు చుట్టిచ్చిన కాగితం నూనె తుడిచి మరీ చదువుకుంటూ వచ్చి, మా ఇంటి మధ్యలో నిలబడ్డాడు. మాను అణబె తింటే షుగరు దిగుతుంది, రక్తం శుద్ధి అవుతుంది, ఆయుస్సు పెరుగుతుంది, చైనా రాజులు దీన్ని తినే బతికారు.

"ఆ రాజులంతా ఇప్పుడు యాడుండారు అల్లుడూ?" అంది అవ్వ.

మామ ఆ ప్రశ్న పట్టించుకోలేదు. ఆయనకు పసుపు రకం కూడా నచ్చలేదు. "లేతదాంట్ల ఏముంటాది అత్తా, నీళ్లు. ముదిరిందాంట్లనే మందు," అని, అవ్వ పొయ్యికి పెట్టుకునే గట్టిరకాన్ని గొడ్డలితో కొట్టించి మా మిద్దె మీద ఎండబెట్టాడు. అది ఎండకముందే నాయన మాత్రలు ఆపేయాలన్నాడు. రెండు మందులూ ఒంట్లో ఎదురుపడితే వేడి చేస్తుందట. నాయనకు మాత్రలంటే మొదటినుంచీ మంట, రోజూ కాఫీతో పాటు నేను చేతిలో పెడితే తప్ప వేసుకునేవాడు కాదు. మామ మాట వేదమైపోయింది. కొన్నాళ్లకే నాయన బిందెలు బిందెలు నీళ్లు తాగడం మొదలుపెట్టాడు. నాయన ఒంటికి పోయే బచ్చలి తూము దగ్గర చీమలు బారులు కట్టాయి. చెప్పు కొరికిన చిటికెన వేలి పుండు మానకుండా నల్లబడుతూ వచ్చింది. అమ్మ చాటుగా ఏడ్చేది. అవ్వ చీమల వైపు చూసి, "చూడప్పా, చీమలకు తెలిసింది నీకు తెలీలేదే," అనేది. నాయన నవ్వేసేవాడు. "రెండు దినాలు ఓర్చుకోమ్మా, మందు ఎండుతాంది."

ఎండింది. దాన్ని రోట్లో వేస్తే రోకలి ఎగిరి పడింది. అందుకని మిషన్లో పోశారు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది, రైలు మా మిషన్లోంచే పోతున్నట్టు. గోధుమరంగు దూది లాంటి పొడి రాలింది. ఆ వెనకే రాగులు ఆడించుకుపోయినవాళ్లు, ముద్ద చేదుగా ఉందని తిరిగొచ్చి నాయన మీద పడ్డారు. మందు ఊరికే దొరికిందని సంతోషించమన్నాడు మామ.

ఆ పొడిని మిరియాలతో కలిపి అంబలిలా చిక్కగా కాచిన సాయంత్రం, అలవాటుగా అవ్వ పీట మీద కూర్చుంది. మామ చెంబు పక్కకు జరిపాడు. "నీకెందుకత్తా? ఈ వయసులో నీకు ఆయుస్సు ఏం చేసుకునేకి? ముందు బావకు, నాకు." కూర అయినన్నాళ్లు మొదటి ముద్ద అవ్వది. మందయ్యేసరికి వరస మళ్లీ మామూలైపోయింది. అవ్వ నా వైపు చూసింది. నేనడిగిన ప్రశ్నకు జవాబు ఆ చూపులో ఉంది. మామను తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. కొంగు దులుపుకొని లేచింది.

"సరేప్పా, మీరే ముందు. కట్టుబాటు మాత్రం కట్టుబాటే. ముందు తిన్నోళ్లే పొద్దున్నే లేచి ముగ్గు వెయ్యాల. ఇంకెవురన్నా ముగ్గు చిప్ప ముట్టుకుంటే చెయ్యి ఇరగ్గొడతాను."

"ముగ్గేం పెద్ద విద్యనా అత్తా? రథం ముగ్గు వేస్తాను చూడు," అని మామ గటగటా తాగాడు. నాయన తాగుతూ ముఖం చిట్లించాడు గానీ చెంబు దించలేదు.

తెల్లారేసరికి రథం పెరట్లో ఆగిపోయి ఉంది. మా ఇంటికి ఉన్నది ఒకటే కక్కసు. లోపల నాయన, బయట తలుపు పట్టుకొని మామ. "బావా, బేగి రా బావా, నీ కాలు మొక్కుతాను!" వాకిట్లో నీళ్లు చల్లి ఉన్నాయి, ముగ్గు లేదు. ముగ్గు లేని వాకిలి అంటే ఏమిటో మా సందులో చిన్నపిల్లలకు కూడా తెలుసు, ఆ ఇంట్లో ఎవరో పోయినట్టు. నిన్నటి వాసనను, ఈ వాకిలిని కలిపి లెక్క వేసుకుని, అణబె తిని అవ్వ పోయిందని మునెమ్మక్క అందరినీ వెంటేసుకొని హారంతో వచ్చింది. ఆ తర్వాత చాలాకాలం మామ కనిపిస్తే చాలు, సందులో ఎవరో ఒకరు "రథం ఎప్పుడు సామీ?" అని అడిగేవాళ్లు.

నవ్వు అంతవరకే. మామ మధ్యాహ్నానికి లేచి పెరుగన్నం తిన్నాడు. నాయన లేవలేదు, ఆటోలో పడుకోబెట్టి తీసుకుపోయాం. నాయన ప్రాణం నిలిచింది, చిటికెన వేలు నిలవలేదు. డాక్టరమ్మ అరవకుండానే చెప్పింది. మాను అణబెల్లో షుగరుకు పనికొచ్చే గుణాలు ఉన్నాయేమోనని పరీక్షలు చేస్తున్నారట, ఇంకా తేలలేదట. తినే రకమని బాగా తెలిసినవాళ్లు కూర వండుకోవచ్చు, దానికోసం మాత్ర మానడం మాత్రం చావును పిలిచి పీట వేసినట్టే అంది. మామ బయట వరండాలో నిలబడి, "లోపలుండే విషమంతా బయటికి కొట్టేసింది, అదే దాని గుణం," అని వచ్చేపోయేవాళ్లకు చెబుతున్నాడు. చైనా రాజుల మాదిరి మామ ఆయుస్సు పెరిగిందో లేదో గానీ, మా నాయన వేళ్లు మాత్రం తగ్గాయి.

ఆ తర్వాత అవ్వ కొన్నేళ్లు బతికింది. పోయింది కూడా అణబెల వల్ల కాదు, ముసలితనం వల్ల. ఆ రోజూ వాకిట్లో ముగ్గు లేదు. ఆ రోజూ మునెమ్మక్క హారం తెచ్చింది. తలుపు నేను తీశాను. నిద్రగన్నేరు మొద్దును కూడా ఎవరో కొట్టుకుపోయారు, అక్కడ ఇప్పుడు బైకులు నిలబెడతారు.

మామ మాత్రం ఎదిగాడు. ఇప్పుడు మెడకు టై కట్టుకొని హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఏదో హాలు బాడుగకు తీసుకొని మీటింగులు పెడుతున్నాడట. ఒకరు ఇంకో నలుగురిని చేర్పించాలి, ఆ నలుగురు ఇంకొందరిని. అప్పుడు బజ్జీల కాగితం చదివి చెప్పిన ముక్కలే ఇప్పుడు గోడ మీద లైటుతో బొమ్మలు వేసి చెబుతాడు. అప్పుడు నమ్మింది నాయన ఒక్కడే, ఇప్పుడు చదువుకున్నవాళ్లు వరసలో కూర్చొని చప్పట్లు కొడతారట. మా పీజీ అమ్మాయి ఒకతి పెట్టె చూసి, "అక్కా, ఇది చాలా హెల్దీ అంట కదా, మా ఆఫీసులో కూడా తాగుతున్నారు," అంది. హెల్దీ ఏమో నాకు తెలియదు తల్లీ. అప్పట్లో మా ఇంట్లో ఒకరు ముందు తిని, తెల్లారేదాకా ఆగి, బతికి చూపించాకే ఇంకొకరికి పెట్టేవాళ్లు. అలా ముందు తిన్న మనిషి ముసలి విధవ కావడం మా సిగ్గు. అయినా ఆగడమనేది ఉండేది. ఇప్పుడు అమ్మేవాడూ ఆగడు, కొనేవాడూ ఆగడు.

నాయన పెట్టెతో వచ్చిన సాయంత్రమే అడిగాను. "నాయనా, ఇది ముందు ఎవరు తాగినారు?"

"మీ మామనే."

"ముగ్గు వేసినాడా?"

నాయనకు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. "అది మన మొద్దుది, ఇది కంపెనీది పాపా. సీలు ఉండాది చూడు," అన్నాడు. మాత్రల అట్టను సంచి అడుగున పెట్టి, దాని మీద పంచె మడిచి పెట్టాడు.

మరుసటి రోజు పొద్దున అందరికంటే ముందు లేచాను. పీజీ అమ్మాయిల స్నానాలకు హండె కింద పొయ్యి రాజేయడం నా మొదటి పని. పెట్టె తీసి, బొమ్మ మీద గోరు గుచ్చి చూశాను. దిగలేదు. పెట్టెను పొయ్యిలోకి తోశాను, మంట కాస్త నీలంగా లేచింది, నీళ్లు తొందరగానే కాగాయి. తర్వాత సంచిలోంచి మాత్ర తీసుకున్నాను. వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గు చిప్ప తెచ్చి గడప ముందు పెట్టాను. తెల్లటి పిండి మీద ఆ మాత్ర. పక్కనే చెంబుతో నీళ్లు. నేను మెట్టు మీద కూర్చున్నాను.

నాయన లేచి, కళ్లు నులుముకుంటూ వచ్చాడు. "పెట్టె యాడ పెట్టినావు పాపా?"

"గోరు దిగలేదు నాయనా."

నాయన గడప దగ్గరికి వచ్చి ఆగాడు. నాలుగు వేళ్ల కాలు గడపకు అవతల, చిప్ప ఇవతల. వంగి, ముందు పిండిని చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపాడు. "జాస్తి నున్నగా ఆడించినారు. ఇట్లయితే గీత నిలబడదు," అన్నాడు. తర్వాత మాత్రకు అంటిన పిండి ఊది, నోట్లో వేసుకొని, చెంబెత్తి నీళ్లు తాగాడు. గొంతు కదలడం చూశాకే చిప్ప నా చేతిలోకి తీసుకున్నాను. నాలుగు చుక్కలు పెట్టి, చుట్టూ ఒకటే గీత లాగాను. ఆ ముగ్గు చూసి గిన్నె పట్టుకొచ్చేవాళ్లు మడివాళలో ఎవరూ లేరు. అయినా కొంచెం పెద్దదిగానే వేశాను.